చెట్టు చుట్టూ మూడడుగుల మట్టి

తిరుపతిలో ఇంటి స్థలాన్ని అంకణాల్లో చెబుతారు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అంటే 36 చదరపు అడుగులు ఒక అంకణం. కొత్తగా మిద్దె కట్టుకున్నవాళ్లకు వాకిట్లో పది అంకణాలు ఖాళీ మిగిలితే మెక్సికన్ గడ్డో, కొరియన్ గడ్డో తెప్పించి పరిపించుకుంటున్నారు. నర్సరీవాళ్లు పలకలు పలకలుగా తెచ్చి పేరిస్తే ఒక్క పూటలో వాకిలి పచ్చబడుతుంది. ఆ పచ్చదనానికి ఎన్ని నీళ్లు కావాలో మాత్రం ఎవరూ చెప్పరు. లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. ఎండలు ముదిరాక ఆరుబయట పచ్చిక రోజుకు సుమారు అయిదు మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది. అంకణం అంటే 3.3 చదరపు మీటర్లు. కాబట్టి అంకణానికి రోజుకు 16, 17 లీటర్లు, అంటే ఒక పెద్ద బిందెడు. పది అంకణాల పచ్చికకు ఏప్రిల్, మే నెలల్లో రోజుకు పది బిందెల చొప్పున 600 బిందెల నీళ్లు పొయ్యాలి.

కళ్యాణి డ్యాం అడుగంటి, తెలుగుగంగ నీళ్ల కోసం ఊరు ఊరంతా ఎదురుచూసిన ఎండాకాలాలు తిరుపతికి కొత్త కాదు. పడమటి మండలాల్లో వెయ్యి అడుగుల బోరు వేసినా దుమ్ము తప్ప రాని పల్లెలున్నాయి. అలాంటి చోట అరంగుళం ఎత్తు గడ్డికి పూటపూటా గొట్టం పట్టి, అదే ప్రహరీ పక్కన నిలబడిన వేపమానుకు మాత్రం మొదలంటా గచ్చు చేసి, చుక్క నీళ్లు దిగే సందు లేకుండా చేస్తున్నాం. ఇంటి చుట్టూ పచ్చదనానికి మనం పెట్టే నీళ్లు, డబ్బు, ఓపిక చాలావరకు కంటికి కనిపించే ఆకు మీదే ఖర్చవుతున్నాయి. చెట్టు బాగుండటం, బాగుండకపోవడం తేలేది మాత్రం మాను చుట్టూ ఉన్న పైమట్టిలో.

చెట్టు ఎంత ఎత్తు ఉంటే వేరు అంత లోతు దిగుతుందని చాలామంది నమ్మకం. తల్లివేరు కొంత లోతుకు పోయే మాట నిజమే. మన ఎర్రనేలల్లో అయితే కింద మొరుసు, ఆ కింద రాయి తగిలేదాకా పోతుంది. కానీ నీటినీ పోషకాలనూ పీల్చుకునే సన్నటి పిల్లవేళ్లలో అత్యధిక భాగం పై ఒకటిన్నర, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. కారణం గాలి. వేరు కూడా ఊపిరి తీసుకోవాలి. ఆకుల్లో తయారైన చక్కెరను వేరు ఆక్సిజన్‌తో కలిపి ఖర్చు చేసి, ఆ శక్తితోనే మట్టిలోని లవణాలను లోపలికి లాగుతుంది. గుల్లగా ఉన్న మట్టిలో దాదాపు సగం ఖాళీయే. ఆ ఖాళీల్లో కొన్నింట్లో నీళ్లు, కొన్నింట్లో గాలి ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ గాలి తగ్గుతుంది, వేళ్లూ తగ్గుతాయి. అందుకని వేళ్లు లోతుకంటే అడ్డంగా ఎక్కువ పాకుతాయి. కొమ్మల గొడుగు అంచు దాటి, చాలాసార్లు ఆ గొడుగుకు రెండింతల దూరం దాకా పోతాయి. మీ ఇంటి వేపమాను పక్కింటి పెరట్లోనూ, వీధి కాలువ అవతలా నీళ్లు వెతుక్కుంటూ ఉంటుంది.

ఇది తెలిస్తే నీళ్లు ఎక్కడ పొయ్యాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్ద మాను మొదట్లో పోసిన నీళ్లు దాదాపు వృథా. అక్కడున్నవి చెట్టును నిలబెట్టే లావు వేళ్లు. వాటికి నీళ్లు పీల్చే పని లేదు. పైగా మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే బెరడు మెత్తబడి బూజుకు చోటిస్తుంది. పాది చేస్తే కొమ్మల గొడుగు అంచు కింద, గుండ్రంగా, జానెడు లోతు కాలువలా చెయ్యాలి. రోజూ ఒక చెంబు పోసేకంటే పదిహేను రోజులకోసారి నేల అడుగున్నర లోతు నానేదాకా పెట్టడం మేలు. ఎంత లోతు తడిసిందో చూడటానికి పొడవాటి ఇనుప చువ్వ చాలు. నీళ్లు పెట్టిన మర్నాడు గుచ్చితే తడి ఉన్నంత మేర మెత్తగా దిగి, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. చాలా ఇళ్లలో గంటసేపు గొట్టం పట్టిన చోట కూడా చువ్వ నాలుగు వేళ్ల లోతులో ఆగిపోతుంది. ఎర్రనేల మీద పెంకు కట్టి ఉంటే పైనుంచి పోసిన నీళ్లు లోపలికి దిగకుండా పక్కకు జారిపోతాయి. పలుగుతో తేలిగ్గా గీరి, ఆకులు పరిచి పెడితే అదే నీళ్లు నిదానంగా ఇంకుతాయి.

ఇక గచ్చు సంగతి. చెప్పుకోవలసిన అన్యాయాల్లో నా దృష్టిలో ఇదే పెద్దది. అది గచ్చు వెయ్యకముందే, మట్టిలోనే మొదలవుతుంది. ఇల్లు కట్టేటప్పుడు లారీలు, జేసీబీలు తిరిగి వాకిలి మట్టి గట్టిపడి ఉంటుంది. మిగిలిన ఇటుక ముక్కలు, సున్నం పెచ్చులు, సిమెంటు పెళ్లలు అక్కడే పూడ్చి పైన నాలుగంగుళాల ఎర్రమట్టి పోస్తారు. దాని మీద మొక్క పెడతారు. ఏడాది తిరిగేసరికి లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నర్సరీకి వెళ్తే ఎరువు సంచి ఇస్తారు. అసలు లోపం ఎరువులో లేదు. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు పీల్చుకోలేని రూపంలోకి మారిపోతుంది. ఇనుము అందకపోతే ఆకులో పత్రహరితం తయారు కాదు. రెండడుగుల గుంత తీసి ఆ పెళ్లలన్నీ ఏరి పారేసి, చెరువుమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపి మొక్క పెడితే ఆ సంచి ఖర్చే ఉండదు.

ఎదిగిన చెట్టు చుట్టూ గచ్చు చేస్తే నీళ్లతోబాటు గాలి కూడా ఆగిపోతుంది. చెట్టు వెంటనే చావదు. అందుకే తప్పు ఎవరికీ కనిపించదు. అయిదారేళ్ల మీద పైకొమ్మలు ఒక్కొక్కటీ ఎండుతూ వస్తాయి, ఆకు చిన్నదవుతుంది, చివరికి ఏదో పురుగో తెగులో వచ్చి పడితే నింద దాని మీద పోతుంది. ఢిల్లీలో వీధి చెట్లకు ఇదే గతి పట్టినప్పుడు 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కలగజేసుకుని, ప్రతి చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని అక్కడి అధికారులను ఆదేశించింది. మీటరంటే మూడడుగుల పైచిలుకు. తిరుపతి ఇంటివాకిలికి కూడా నేను అదే కొలత పెడతాను. ఉన్న గచ్చునంతా పగలగొట్టనక్కర్లేదు. మాను చుట్టూ మూడడుగులు విడిచిపెట్టి, మిగతా చోట సిమెంటు పూత లేకుండా రాళ్లు పరిచి సందుల్లో ఇసుక పోసుకుంటే కారు నిలుపుకోవచ్చు, వాన నీళ్లూ దిగుతాయి. చుట్టూ అరుగు కట్టి రెండడుగుల ఎత్తు మట్టి నింపడం కూడా గచ్చు చేసినంత పనే. రావి, మర్రి కొత్త వేళ్లు పుట్టించుకుని తట్టుకుంటాయి కానీ మామిడి, వేపలకు ఆ ఓర్పు తక్కువ.

చెట్టుకు ఇంత మర్యాద దేనికంటే, అది తిరిగి ఇచ్చేది లెక్కకట్టి చూడొచ్చు. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే చుట్టూ ఉన్న గాలి నుంచి, ఆకు నుంచి దాదాపు మూడింట రెండు వంతుల యూనిట్ వేడిని లాక్కోవాలి. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులోని యూనిట్టే. తడి అందే పెద్ద చెట్టు రోజుకు వంద లీటర్లు ఆవిరి చెయ్యగలదు. అంటే 67 యూనిట్ల వేడి. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి గంటకు 5.3 యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది. కాబట్టి ఆ చెట్టు ఒక్క రోజులో చేసిన పని, ఏసీ పన్నెండు గంటలకు పైగా తిరిగితే అయ్యే పని. పచ్చిక కూడా నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది కదా అంటే, చేస్తుంది. అయితే దాని నీళ్లు పూర్తిగా మన కుళాయివి. చెట్టు కార్తీకంలో కురిసిన వానను వైశాఖంలో నేల లోపలి నుంచి తెచ్చి వాడుతుంది. పైగా పడమటి గోడ మీద పడే సాయంత్రపు ఎండను గడ్డి ఆపలేదు. తిరుపతిలో రాత్రి పదింటికి కూడా పడకగది గోడ వేడిగా తగులుతుందంటే అది ఆ ఎండ వల్లే. పడమర దిక్కున కానుగ ఒకటి ఎదిగితే ఆ గోడ సంగతి అది చూసుకుంటుంది.

అలాగని వాకిట్లో గడ్డి ఉండకూడదని కాదు. పిల్లలు పొర్లడానికి, సాయంత్రం చెప్పుల్లేకుండా నడవడానికి పచ్చికను మించింది లేదు. కానీ ఏడాది పొడవునా చిన్న చినుకులు పడి, ఎండ పలచగా ఉండే ఇంగ్లండులో పుట్టిన అలవాటు అది. మనకు అక్కరకొచ్చే గడ్డి మన గట్ల మీదే ఉంది: గరిక. వినాయకచవితి పత్రిలో ఏరుకొచ్చే గరికే ఇది. క్రికెట్ మైదానాల్లో, గోల్ఫ్ మైదానాల్లో బెర్ముడా గడ్డి పేరుతో పరిచేది కూడా దీన్నే. ఒక గరిక పోచను వేళ్ల మధ్య పట్టి చూస్తే వేలెడు దూరానికో కణుపు ఉంటుంది. ప్రతి కణుపు దగ్గరా కిందికి వేళ్లు, పైకి కొత్త పిలక. నేల మీద పాకే తీగలు కాక, మట్టి లోపల తెల్లటి దుంపతీగలు వేరే ఉంటాయి. ఎండాకాలంలో పైదంతా గోధుమరంగుకు తిరిగినా ఆ దుంపతీగల్లో ప్రాణం ఉంటుంది. ఒక్క మంచి వాన పడితే వారంలో పచ్చబడుతుంది. గోధుమరంగు గరిక చచ్చినట్టు కాదు, నిద్రపోతున్నట్టు. ఆ రెండు నెలలు దాని మానాన దాన్ని వదిలేసే ఓపిక ఉంటే 600 బిందెలూ మిగులుతాయి.

గరిక ఇంత ఎండకు ఎలా తట్టుకుంటుంది? వేప, మామిడి, వరి వంటి మొక్కల్లో గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకునే రుబిస్కో అనే ఎంజైము ఉంటుంది. ఎండ ముదిరే కొద్దీ అది పొరపాటున ఆక్సిజన్‌ను కూడా పట్టుకుంటుంది. అలా పట్టినప్పుడల్లా కష్టపడి సంపాదించిన చక్కెరలో కొంత వృథా. గరిక, జొన్న, చెరకు ముందుగా వేరే ఎంజైముతో బొగ్గుపులుసు వాయువును పట్టి, ఆకు లోపలి ప్రత్యేక కణాల్లోకి తోసి, అక్కడ చిక్కగా నిలవచేసి రుబిస్కోకు అందిస్తాయి. కాబట్టి పొరపాటుకు చోటు తక్కువ. ఆకు రంధ్రాలు పూర్తిగా తెరవనక్కర్లేదు కనుక నీళ్లూ ఆదా. అయితే ఇలా తోసే పనికి అదనంగా శక్తి కావాలి. ఆ శక్తి ఎండ నుంచి రావాలి. నీడలో ఆ శక్తి చాలదు. అందుకే వేపచెట్టు కింద గరిక పలచబడి మట్టి తేలుతుంది. ఎంత ఎరువేసినా, ఎన్ని నీళ్లు పోసినా అది మారదు. కొరియన్ గడ్డి నీడను గరికకంటే కొంత ఓర్చుకుంటుంది, కానీ చిక్కటి నీడలో అదీ నిలవదు. గడ్డి రావడం లేదని మంచి మామిడి కొమ్మలను కొట్టించే ఇళ్లున్నాయి. ఇరవై ఏళ్ల కొమ్మను ఇరవై రోజుల గడ్డి కోసం తియ్యడం ఏ లెక్కలో చూసినా నష్టమే. నీడ ఉన్నచోట ఆకులు పరచండి, ఎండ ఉన్నచోట గడ్డి పెంచండి.

గడ్డి కత్తిరించేటప్పుడు ఒక్కసారిలో మూడో వంతుకు మించి తియ్యకూడదు. ఆకు తగ్గితే చక్కెర తగ్గుతుంది, అప్పుడు గడ్డి ముందుగా వేళ్లనే ఎండగట్టుకుంటుంది. ఎండాకాలంలో ఇంకాస్త ఎత్తుగా వదిలితే మట్టి మీద నీడ పడి తడి నిలుస్తుంది. తుంగ మొలిస్తే పైన పీకి లాభం లేదు. గొలుసుకట్టుగా ఉన్న గడ్డలను తవ్వి తియ్యాలి.

లేత చెట్టుకూ గడ్డికీ మాత్రం పొత్తు కుదరదు. గడ్డి వేళ్లు పై జానెడు మట్టిలో చిక్కగా అల్లుకుని, పడిన నీళ్లను, వేసిన నత్రజనిని ముందే తాగేస్తాయి. మొదలు చుట్టూ గడ్డి లేకుండా ఉంచిన మొక్కలు గడ్డిలో నిలబెట్టిన మొక్కల కంటే వేగంగా పెరుగుతాయని ఎన్నో దేశాల ప్రయోగాల్లో తేలింది. ఇంకో ప్రమాదం గడ్డి కోసే మిషను. దాని నైలాన్ దారం మొదలు బెరడుకు తగిలితే పైకి చిన్న గీరుడే కనిపిస్తుంది. బెరడు లోపలి పొరలోనే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగే దారి ఉంది. దానికి ఆనుకుని కాగితమంత పలచని పొర ఉంటుంది; చెట్టు లావెక్కేది ఆ పొర వల్లే. ఈ రెండూ చుట్టూరా తెగితే పైన ఆకులు కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి, ఎందుకంటే నీళ్లు ఎక్కే దారి ఇంకా లోపల ఉంది. కింద వేళ్లు మాత్రం ఆకలితో చస్తాయి. బట్టలారేసుకునే తీగ, దీపాల తీగ, గేటుకు కట్టిన ఇనుప కమ్మీ చేసేదీ ఇదే. మాను లావెక్కేకొద్దీ తీగ లోపలికి దిగి, పైన బెరడు ఉబ్బుతుంది. ఉబ్బు కనిపించిందంటే తీగ బలంగా బిగుసుకున్నట్టే. కట్టక తప్పకపోతే వెడల్పాటి గుడ్డపట్టీతో వదులుగా కట్టి, ఏడాదికోసారి విప్పి మళ్లీ కట్టాలి.

మొదలుకు ఎర్రమన్ను, సున్నం పట్టెలు వెయ్యడం వల్ల హాని లేదు. సున్నం ఎండను తిప్పికొట్టి లేత బెరడును కాపాడుతుంది. ఆయిల్ పెయింటు మాత్రం వద్దు.

కొమ్మ కొట్టడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే గచ్చు తర్వాత చెట్లకు మనుషుల చేతిలో జరిగే కీడులో ఎక్కువ పాలు ఇక్కడిదే. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930–2006) అనే శాస్త్రవేత్త, ఒక్క మనిషి మోయగలిగే మోటారు రంపం వచ్చాక వేల మానులను నిలువునా కోసి, పాత గాయాల చుట్టూ లోపల ఏం జరిగిందో చూశాడు. మనిషి ఒంటి మీది గాయం మానినట్టు చెట్టు గాయం మానదని ఆయన గట్టిగా చూపించాడు. చెట్టు దెబ్బతిన్న కణాలను బాగుచెయ్యదు. ఆ భాగం చుట్టూ రసాయనాలతో గోడలు కట్టి విడదీసేస్తుంది, ఆ గోడకు బయట కొత్త చెక్క పెంచుకుంటుంది. కుళ్లు ఆ గోడల లోపలే ఆగితే చెట్టు వందేళ్లు బతుకుతుంది. 1977లో ఆయన ఈ నమూనాను ప్రకటించాక ప్రపంచమంతటా కొమ్మ కొట్టే పద్ధతి మారింది.

మారింది ఏమిటో ఏ వేపకొమ్మ దగ్గరైనా చూడొచ్చు. కొమ్మ మానును కలిసే చోట చుట్టూ ముడతలు పడిన చిన్న ఉబ్బు ఉంటుంది. పైవైపు బెరడు మీద నల్లటి మడత గీత ఒకటి వాలుగా దిగుతుంది. ఆ ఉబ్బు కొమ్మది కాదు, మానుది. గోడ కట్టే సరంజామా అంతా అందులోనే ఉంటుంది. నున్నగా కనిపించాలని మానుకు అంటుకునేలా నరికితే ఆ ఉబ్బు పోయి గాయం రెండింతలవుతుంది, కుళ్లు నేరుగా మానులోకి దిగుతుంది. అడుగు మొండెం వదిలితే అది ఎండి, పుచ్చి, పురుగులకు దారవుతుంది. ఉబ్బు దాటిన వెంటనే, ఉబ్బుకు తగలకుండా కొయ్యాలి. పెద్ద కొమ్మయితే మూడు కోతలు: ముందు మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు గాటు, దానికి కాస్త బయట పై నుంచి రెండో కోత. కొమ్మ బరువు కింద పడిపోయాక మిగిలిన మొండేన్ని ఉబ్బు అంచున మూడో కోతతో తియ్యాలి. కింది గాటు లేకుండా పైనుంచే నరికితే కొమ్మ విరిగి పడుతూ మాను బెరడును గజాల పొడవున చీల్చుకుపోతుంది. కోసిన చోట తారు, రంగు పూయడం వల్ల ఉపయోగం లేదు. తడిని లోపల పట్టి ఉంచి కొన్నిసార్లు కుళ్లును పెంచుతాయి కూడా. మామిడికి ఎండుతెగులు ఉన్నప్పుడు ఉద్యానశాఖవాళ్లు చెప్పే బోర్డో పేస్టు వేరే సంగతి, అది శిలీంధ్రాన్ని చంపే మందు.

కోతల్లో అన్నిటికంటే చెడ్డది తల నరకడం. ఎత్తు పెరిగిందని పైభాగం అంతా మొండిగా కొట్టేస్తే రెండు నెలల్లో గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వస్తాయి, ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఆ చిగుళ్లు లోపలి చెక్కలోంచి పుట్టినవి కావు, పైపైన అతుక్కున్నవి. అయిదేళ్లకు అవి లావు కొమ్మలవుతాయి, తుపాను గాలికి మొదటగా విరిగేవీ అవే.

వేప విషయంలో ఈమధ్య అందరికీ ఒక బెంగ ఉంది. 2021 చివర రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొసల నుంచి మాడి, మంట తగిలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం ఇందుకు ప్రధాన కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. దానికి తోడు టీ దోమ అనే పురుగు లేత కొమ్మలను కుట్టి రసం పీలుస్తుంది. కుట్టిన చోటల్లా శిలీంధ్రానికి దారి దొరుకుతుంది. వానలు వెనకబడి, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న శీతకాలాల్లో ఇది పెచ్చుపెరుగుతుంది. చూడటానికి చెట్టు చచ్చినట్టే ఉంటుంది. చాలామంది నరికించేశారు కూడా. నిజానికి ఎక్కువ చెట్లు ఎండలు రాగానే కొత్త చిగురు వేశాయి. బెరడు మీద గోటితో చిన్నగా గీరి చూడండి. కింద పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. ఎండిన కొసలను పచ్చి భాగం వచ్చేదాకా కత్తిరించి దూరంగా వేసి తగలబెట్టడం, గచ్చు విప్పి పాది చేసి నీళ్లు పెట్టడం ఇంటివాళ్లు చెయ్యగలిగిన పని. ముప్పై అడుగుల చెట్టుకు మందు కొట్టే ప్రయత్నం ఇళ్ల మధ్య మంచిది కాదు.

మందు కొట్టకపోవడమే మందయిన ఇంకో చెట్టు కొబ్బరి. మన దేశంలో 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఇప్పుడు మన పెరటి కొబ్బరి, జామ, అరటి ఆకుల అడుగున తెల్లటి మైనపు చుట్టలు పెడుతోంది. అది విసర్జించే జిగురు మీద నల్లటి మసి బూజు పట్టి, కింద నిలిపిన బండి కూడా నల్లబడుతుంది. ఎన్కార్సియా అనే కంటికి ఆనని కందిరీగ దీని పిల్లల్లో గుడ్లు పెట్టి చంపుతుంది. పురుగుమందు కొడితే ముందు చచ్చేది ఆ కందిరీగే. గొట్టంతో నీళ్లను గట్టిగా ఆకుల అడుగున కొట్టి, కందిరీగకు వ్యవధి ఇవ్వడమే మేలు.

రాలిన ఆకు గురించి ఒక మాట. మాఘ, ఫాల్గుణాల్లో వేప, కానుగ ఆకు రాల్చే వేళకు తెల్లవారి వీధివీధినా పొగ లేస్తుంది. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెత్తను వీధుల్లో తగలబెట్టడాన్ని నిషేధించాయి, కానీ చట్టం సంగతి అలా ఉంచినా మనం కాలుస్తున్నది చెట్టు తిండి. కానుగ చిక్కుడు కుటుంబపు చెట్టు. వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. అందుకే మన రైతులు కానుగ మండ వరిమడిలో తొక్కేవాళ్లు. కాలిస్తే ఆ నత్రజని పొగలో పోతుంది. పాదిలో నాలుగంగుళాల మందాన ఆకు పరిచి, మాను మొదలుకు మాత్రం జానెడు దూరం వదిలితే ఎండాకాలంలో మట్టి వేడి తగ్గుతుంది, తడి ఆరదు, వానపాములు చేరి మట్టిని గుల్ల చేస్తాయి. కొండ దాపున ఉన్న ఇళ్లవాళ్లకు పాములు, తేళ్ల భయం ఉంటుంది, అది అర్థం లేని భయం కాదు. వాళ్లు ఇంటికి దూరంగా ఒక మూల గుంత తీసి ఆకు అందులో మాగబెట్టి, పొడిపొడిగా అయ్యాక పాదిలో వేసుకోవచ్చు.

తోట పనుల పుస్తకాలు ఎక్కువగా జూన్ వానలను బట్టి రాసినవి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైచిలుకు కురిస్తే, అందులో 400 దాకా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు తెచ్చేదే. వనమహోత్సవం పేరుతో జులైలో నాటిన మొక్క ఆగస్టు ఎండలకు వాడిపోవడం ఏటా చూస్తున్నదే. నేనయితే ఆగస్టు చివర, సెప్టెంబరులో నాటమంటాను. మార్గశిరం దాకా వాన వెంట ఉంటుంది, ఎండాకాలానికి వేరు ఊనుకుంటుంది. కాపు మామిడికి మాత్రం ఈ వానలే చిక్కు తెస్తాయి. మామిడికి పూత రావాలంటే కొంతకాలం పొడి, దానికి తోడు రాత్రి చలి కావాలి. అందుకే కాపుకొచ్చిన చెట్టుకు పూతకు రెండు మూడు నెలల ముందు నుంచి నీళ్లు ఆపాలి. కార్తీకంలో తుపాను కురిస్తే పూతమొగ్గ రావలసిన చోట లేత చిగురు వస్తుంది, పూత వెనకబడుతుంది. పెరట్లో అది చాలదన్నట్టు పక్కనే ఉన్న గడ్డికి రోజూ నీళ్లు పెడితే బెంగుళూరా మామిడిచెట్టు ఎప్పుడూ చిగురుస్తూనే ఉంటుంది, కాయ మాత్రం కనబడదు.

తుపాను ముందు ఆగస్టులోనే చెట్టును ఒకసారి చుట్టూ తిరిగి చూడాలి. ఎండు కొమ్మలు, మొదట్లో పుట్టగొడుగులు, ఒకవైపు లేచిన మట్టి ప్రమాదానికి గుర్తులు. తిరుపతి వీధులు ఏరులైన 2021 నవంబరు వంటి వానల్లో నేల పూర్తిగా నాని మట్టికీ వేరుకూ మధ్య పట్టు సడలుతుంది. కాలువ కోసమో సిమెంటు రోడ్డు కోసమో ఒకవైపు వేళ్లు తెగిన చెట్టు అప్పుడే కూలుతుంది. అంటే అది ఆ రోజు గాలికి పడినా, దాన్ని పడగొట్టింది ఎప్పుడో తవ్విన కాలువ. పెళుసు కొమ్మల తురాయి, పచ్చ తురాయిలను మిద్దెకు ఆనించి పెంచకూడదు. ఇంటి చెట్టయినా నరికే ముందు అనుమతి కావాలో లేదో అటవీ శాఖలో కనుక్కోవాలి. 2002లో వచ్చిన వాల్టా చట్టం నీళ్లతోబాటు చెట్లకూ వర్తిస్తుంది.

వాన నీళ్ల లెక్క కూడా ఒకటుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 900 మిల్లీమీటర్ల వాన అంటే 80 వేల లీటర్ల పైమాటే. ఆ నీళ్లు దిగే గొట్టాన్ని వీధి కాలువలోకి వదలకుండా చెట్టు గొడుగు అంచున ఇసుక, కంకర నింపిన గుంతలోకి తిప్పితే ఎండాకాలపు నీళ్లు నేలలో దాచినట్టే. జాలాడి నీళ్లు అరటికి, కొబ్బరికి పారించడం మన పాత ఇళ్లలో ఉన్నదే. సబ్బు మరీ ఎక్కువైనవి వేరుగా పంపితే చాలు.

ఏ చెట్టు పెట్టాలన్నది స్థలాన్ని బట్టి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు అయిదెకరాలు పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మర్రి, రావి స్వభావం అది, వాటిని ఊరి చివర పెంచాలి. ఇంటికి పదిహేను, ఇరవై అడుగుల ఎడం ఉంటే వేప, కానుగ, పొగడ. అంత చోటు లేకపోయినా, పైన కరెంటు తీగలున్నా కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, పారిజాతం, జామ. గుంతలో మొక్క మెడ, అంటే వేరూ కాండమూ కలిసే చోటు, నేలమట్టానికి సరిగ్గా రావాలి. లోతుగా పూడ్చితే ఆ చోట కుళ్లుతుంది. నర్సరీ సంచిలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను విప్పాలి, లేకుంటే పదేళ్ల తర్వాత అవే మాను మెడను బిగిస్తాయి. ఊతకర్ర ఏడాదిలో తీసెయ్యాలి. గాలికి కాస్త ఊగితేనే మొదలు లావెక్కుతుంది. పాదిని ఏటా కొమ్మలతోబాటు వెడల్పు చేస్తూ పోవాలి. ఇలా మూడు ఎండాకాలాలు దాటిన వేపకో, కానుగకో ఆపైన మామూలు ఏడాదుల్లో నీళ్లు పట్టనక్కర్లేదు. వరసగా రెండేళ్లు వాన ఎగ్గొడితే తప్ప గొట్టాన్ని నిమ్మ వైపు, కరివేపాకు వైపు తిప్పుకోవచ్చు.